గంటలు చెల్లుతాయి, కాగితం చెల్లదు

“మావోడు అమెరికాలో విమానం లైసెన్సు తెచ్చుకున్యాడు. ఈడ నడపల్లంటే మళ్లా పరీక్ష రాయల్లంట. ఆడ ఆకాశం వేరే, ఈడ ఆకాశం వేరేనా అప్పా?”

రాప్తాడు టీకొట్టు దగ్గర ఎవరైనా ఇలా అడిగితే నవ్వాల్సిన పని లేదు. దేశదేశాల ప్రతినిధులు 1910లో ఒకసారి, 1919లో ఒకసారి, 1944లో మరోసారి కూర్చుని తలలు బద్దలు కొట్టుకున్నది ఈ ప్రశ్న మీదే. మొదటిసారి తేలలేదు. రెండోసారి సగం తేలింది. మూడోసారి తేలిందని దాదాపు అందరూ సంతకాలు పెట్టారు గానీ, మన కుర్రాడికి కావలసిన ముక్క మాత్రం అందులో లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఈ కథ.

అనంతపురానికి ఆనుకున్నట్టుండే రాప్తాడులో ఆకాశానికి కొదవ లేదు. ఏడాదికి ఐదున్నర వందల మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. వేరుశనగ రైతుకు శాపమైన ఈ ఆకాశమే విమానం నేర్చుకునేవాడికి వరం. నేలను కంటితో చూస్తూ ఎగరడమే ప్రైవేటు పైలట్ చదువులో మొదటి పాఠం కదా. చిన్న విమానాలు ఈ జిల్లాకు కొత్తేమీ కాదు. 2000ల తొలి దశాబ్దంలో మేఘమథనం పేరుతో ప్రభుత్వం వాటిని మబ్బుల్లోకి పంపి వాన కురిపించాలని చూసింది. 2003లో పక్క రాష్ట్రం కర్ణాటక కూడా ప్రాజెక్టు వరుణ అని అదే పని చేసింది. పుట్టపర్తిలో విమానాశ్రయం ఉంది. రాప్తాడు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని దక్షిణంగా పోతే, బెంగళూరులోకి అడుగుపెడుతూనే జక్కూరు ఏరోడ్రోమ్ తగులుతుంది. అక్కడ ప్రభుత్వ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూలు ఉంది. అయినా మన పిల్లలు చాలామంది అమెరికా, కెనడా, దక్షిణాఫ్రికా, న్యూజీలాండ్, ఫిలిప్పీన్స్ పోయి నేర్చుకుంటున్నారు. అక్కడ విమానాలు ఎక్కువ, తరగతి త్వరగా అయిపోతుంది. తిరిగొచ్చాకే అసలు తిరకాసు మొదలవుతుంది.

మొదట్లో ఈ చిక్కు లేదు. ప్రభుత్వాలు మేలుకోకముందే క్లబ్బులు మేలుకున్నాయి. 1905లో ప్యారిస్‌లో అంతర్జాతీయ ఏరోనాటిక్ సమాఖ్య పుట్టింది. దాన్ని పొడి అక్షరాల్లో ఎఫ్ఏఐ అంటారు. ఒక్కో దేశంలో ఒక్కో ఏరో క్లబ్ దాని తరఫున పైలట్ పత్రం ఇచ్చేది. ఒక క్లబ్ ఇచ్చినదాన్ని మిగతావి ఒప్పుకునేవి. 1909లో ఫ్రాన్స్ ఏరో క్లబ్ తొలి జాబితా వేసినప్పుడు ఎవరు ముందు, ఎవరు వెనక అనే గొడవ లేకుండా ఇంటిపేర్ల అక్షరక్రమంలో నంబర్లు ఇచ్చింది. అలా ఒకటో నంబరు బ్లేరియోకు, రెండు అమెరికా వాడైన కర్టిస్‌కు దక్కాయి. లోకంలో తొలి ఇంజను విమానం ఎగరేసిన రైట్ సోదరులు ఆ జాబితా అడుగున 14, 15 నంబర్లు పుచ్చుకున్నారు. కనిపెట్టినవాళ్లే చిట్టచివర ఉండటం ఒక వింత. అమెరికన్ల చేతిలో ఫ్రెంచి పత్రాలు ఉండటం గురించి మాత్రం అప్పట్లో ఎవరూ కనుబొమ్మ ఎగరేయలేదు. క్లబ్బులకు కాపాడుకోవలసిన సరిహద్దులు లేవు కదా.

సరిహద్దులు ఉన్నవాళ్లకు మాత్రం నిద్ర పట్టలేదు. 1908లో జర్మనీ బెలూన్లు గాలివాటున వచ్చి ఫ్రాన్స్ నేల మీద దిగసాగాయి. వాటిలో ఉన్నది ఎక్కువగా సైనికాధికారులే. ఫ్రాన్స్ కంగారుపడి 1910లో ప్యారిస్‌లో సమావేశం పెట్టింది. ఐరోపా దేశాలు వచ్చి వారాల తరబడి మాట్లాడుకుని ఏమీ తేల్చకుండానే లేచిపోయాయి. పై దేశపు విమానాన్ని తన నెత్తిమీద ఎంతవరకు రానివ్వాలి అన్నచోట బండి ఆగింది. ఆ తర్వాత వచ్చిన మహాయుద్ధంలో విమానం బాంబులు కూడా వేస్తుందని అందరూ కళ్లారా చూశారు.

అందుకే 1919 అక్టోబరు 13న ప్యారిస్‌లో కుదిరిన ఒప్పందం మొదటి అధికరణంలోనే చెప్పేసింది: ఒక దేశపు నేల మీద ఉన్న ఆకాశం పూర్తిగా ఆ దేశానిదే. ఇండియా బ్రిటన్ కింద ఉన్నా విడిగా ఆ ఒప్పందంలో చేరింది. పైలట్‌కు ఏమేం రావాలో ఒక అనుబంధంలో రాశారు. 500 మీటర్ల దూరంలో నిలిపిన రెండు స్తంభాల చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో తిరిగి చూపించాలి. ఇంజను ఆపి జారుకుంటూ వచ్చి, చెప్పిన చోటుకు దగ్గరగా దిగాలి. ఒక సభ్యదేశం ఇచ్చిన పత్రాన్ని మిగతావి గుర్తించాలి. దాంతో పాటే ఒక మెలిక పెట్టారు. సొంత పౌరుడు పరదేశంలో లైసెన్సు తెచ్చుకుంటే, తన నేల మీద ఎగిరేటప్పుడు ఆ లైసెన్సును కాదనే హక్కు ప్రతి దేశానికీ ఉంటుంది. అమెరికావాడి అమెరికా లైసెన్సును ఒప్పుకోవచ్చు, నీ సొంతూరి కుర్రాడి అమెరికా లైసెన్సును మాత్రం తోసెయ్యొచ్చు! చదివితే అన్యాయంగా తోస్తుంది. దాని వెనక ఉన్న భయం చిన్నది కాదు. ఇక్కడ పరీక్ష తప్పినవాడు, వైద్యపరీక్షలో నెగ్గనివాడు పొరుగు దేశం పోయి సులువుగా పత్రం కొనుక్కొస్తే, ఇక్కడి పరీక్షకు విలువేముంటుంది? నా మటుకు నాకు ఆ మెలిక పెట్టినవాళ్లు తెలివైనవాళ్లే అనిపిస్తుంది.

అమెరికా ఈ ఒప్పందాన్ని ఆమోదించలేదు. 1926లో సొంత చట్టం చేసుకుని, 1927 ఏప్రిల్‌లో తొలి ఫెడరల్ పైలట్ లైసెన్సు ఇచ్చింది. ఒకటో నంబరు తీసుకోమని ఆర్విల్ రైట్‌ను అడిగితే ఆయన వద్దన్నాడు. 1929లో అమెరికా, కెనడా పరస్పరం లైసెన్సుల విషయంలో విడిగా ఒడంబడిక చేసుకున్నాయి. ఇప్పటికీ ఆ రెండు దేశాల మధ్య మార్పిడి మిగతావాటికంటే తేలికే. పక్కపక్క ఇళ్లవాళ్లు మాట్లాడుకున్నంత సులువుగా లోకమంతా మాట్లాడుకోలేదు.

ఇండియాలో 1928లో ఢిల్లీ, బొంబాయి లాంటి చోట్ల ఫ్లయింగ్ క్లబ్బులు మొదలయ్యాయి. 1929 ఫిబ్రవరి 10న జేఆర్‌డీ టాటాకు పైలట్ పత్రం వచ్చింది. ఇక్కడ ఇచ్చినవాటిలో అది ఒకటో నంబరు. ఇచ్చింది ఇండియా, బర్మా ఏరో క్లబ్. ఎవరి తరఫున అంటే, ప్యారిస్‌లో పుట్టిన ఆ ఎఫ్ఏఐ తరఫునే. జేఆర్‌డీ కూడా ప్యారిస్‌లోనే పుట్టాడు. పిల్లవాడిగా ఉన్నప్పుడు ఫ్రాన్స్‌లోని ఆర్దెలో సముద్రతీరంలో వాళ్ల ఇంటికి దగ్గర్లోనే బ్లేరియో ఇల్లు ఉండేది. ఫ్రాన్స్‌లో ఒకటో నంబరు పైలట్ పొరుగున ఆడుకున్న పిల్లవాడు ఇండియాలో ఒకటో నంబరు అయ్యాడు. ఆ ఏడాదే ఆయన ఫ్రెంచి పౌరసత్వం వదులుకున్నాడు. ఇంగ్లండు, ఇండియాల మధ్య ఒంటరిగా ఎగిరిన తొలి భారతీయుడికి ఆగాఖాన్ బహుమతి ప్రకటిస్తే, మరుసటి ఏడాది జేఆర్‌డీ కరాచీ నుంచి, ఆస్పీ ఇంజనీర్ అనే యువకుడు ఇంగ్లండు నుంచి ఎదురెదురుగా బయలుదేరారు. దారిలో ఈజిప్టులో ఆస్పీకి స్పార్క్ ప్లగ్ కావలసి వస్తే పోటీదారైన జేఆర్‌డీయే ఇచ్చాడు. బహుమతి ఆస్పీకి వచ్చింది. నా కన్ను మాత్రం ప్లగ్గు కంటే, దారిపొడవునా అన్ని దేశాల్లో చెల్లిన ఆ చిన్న పత్రం మీదే నిలుస్తుంది.

యుద్ధం వస్తే ఏ కాగితమైనా చెల్లుతుంది. 1940లో బ్రిటన్‌కు పైలట్లు చాలకపోతే, ఇండియాలో ఫ్లయింగ్ క్లబ్బుల్లో నేర్చుకుని లైసెన్సు ఉన్న 24 మంది కుర్రాళ్లను ఓడెక్కించి తీసుకుపోయారు. అక్కడ కొద్ది నెలలు తర్ఫీదు ఇచ్చి యుద్ధవిమానాల్లో కూర్చోబెట్టారు. హైదరాబాద్ బేగంపేటలో కూడా యుద్ధకాలంలో సైన్యానికి ప్రాథమిక ఫ్లయింగ్ స్కూలు నడిచింది.

1944 నవంబరులో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పిలుపు మీద చికాగోలో 54 దేశాలు కూర్చున్నాయి. మన ప్రతినిధి బృందానికి సర్ గిరిజాశంకర్ బాజ్‌పాయ్ నాయకుడు. డిసెంబరు 7న 52 దేశాలు సంతకం చేశాయి. లైసెన్సులకు సంబంధించి అందులో ముఖ్యమైనవి రెండు అధికరణాలు. 32వది చెప్పేదేమంటే, అంతర్జాతీయంగా ఎగిరే విమానం ఏ దేశంలో రిజిస్టర్ అయిందో ఆ దేశమే పైలట్ లైసెన్సు ఇవ్వాలి, లేదా వేరే దేశం ఇచ్చినదానికి చెల్లుబాటు ఇవ్వాలి. 33వది, ఆ దేశపు ప్రమాణాలు అంతర్జాతీయ కనీసానికి తగ్గకుండా ఉంటే మిగతా దేశాలు ఆ లైసెన్సును గుర్తించాలంటుంది. ప్యారిస్ మెలిక కూడా 32వ అధికరణంలోకి చెక్కుచెదరకుండా వచ్చి చేరింది.

టీకొట్టు ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. లైసెన్సు కట్టుబడేది పైలట్ తల మీద ఉన్న ఆకాశానికి కాదు, విమానం మీద రాసిన అక్షరాలకు. అమెరికా విమానం మీద ఎన్ అని ఉంటుంది, మన విమానం మీద వీటీ అని ఉంటుంది. ఎన్ విమానంలో అమెరికా లైసెన్సుతో చాలా దేశాలు చుట్టి రావచ్చు. జక్కూరులో నిలిపిన వీటీ విమానం ఎక్కాలంటే ఇండియా ఇచ్చిన లైసెన్సు కావాలి, లేదా ఇండియా వేసిన ముద్ర కావాలి. ఒక దేశపు లైసెన్సును ఇంకో దేశపు లైసెన్సుగా మార్చి తీరాలని ఆ ఒప్పందంలో ఎక్కడా లేదు. అది ఆయా దేశాల ఇష్టానికి వదిలేశారు.

అందుకని దేశాలు రెండు దారులు తీశాయి. ఒకటి కౌలు లాంటిది, ఇంకోటి పట్టా లాంటిది. కౌలు పద్ధతిలో పాత లైసెన్సు అలాగే ఉంటుంది, కొత్త దేశం దాని పక్కన ఒక అనుమతి పత్రం జోడిస్తుంది. అసలు లైసెన్సు గడువు తీరితే అనుమతీ తీరిపోతుంది. మన దేశంలో విదేశీ పైలట్లకు ఇచ్చే తాత్కాలిక అనుమతి ఇలాంటిదే. అమెరికాలో కూడా విదేశీ ప్రైవేటు పైలట్‌కు అసలు లైసెన్సు ఆధారంగా ఒక పత్రం ఇస్తారు, అసలుది జేబులో లేకపోతే అది చెల్లదు. పట్టా పద్ధతిలో కొత్త దేశం తన పేరు మీదే లైసెన్సు రాసిస్తుంది. మన కుర్రాడికి కావలసింది ఇది.

పట్టా ఇవ్వాలంటే ముందు కొలత కావాలి. చికాగోలో పుట్టిన అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ ఆ కొలతను 1948 ఏప్రిల్‌లో ఒకటో అనుబంధంగా తెచ్చింది. ఇప్పటి లెక్క ప్రకారం ప్రైవేటు పైలట్‌కు కనీసం 40 గంటల ఎగురుడు ఉండాలి, గుర్తింపు ఉన్న కోర్సులో అయితే 35. అందులో 10 గంటలు ఒంటరిగా, 5 గంటలు ఊరు దాటి ఒంటరిగా ఎగిరి ఉండాలి. ఒకసారైనా 270 కిలోమీటర్లు పోయి, దారిలో రెండు చోట్ల దిగాలి. రాప్తాడు నుంచి బెంగళూరు మీదుగా ఇంకొంచెం ముందుకు పోయినంత దూరమది. ఈ కనీసం పైన ఏ దేశమైనా తనకు నచ్చినంత చేర్చుకోవచ్చు. తేడా ఉంటే సంస్థకు తెలియజేస్తే చాలు. ఈ వెసులుబాటే లేకపోతే అన్ని దేశాలూ ఒప్పుకునేవి కావు. అదే ఉండటం వల్ల చాలా దేశాల లైసెన్సులు అచ్చంగా ఒకేలా లేవు.

మన దేశంలో 1937 నాటి విమాన నియమాలు చాలా కాలం నడిచాయి. 1934 నాటి చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రైవేటు లైసెన్సుకు 17 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసవ్వాలి. కమర్షియల్‌కు 18 ఏళ్లు, ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్, లెక్కలు, 200 గంటలు. పై దేశంలో నేర్చుకున్న గంటల్ని మన పౌరవిమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లెక్కలోకి తీసుకుంటుంది. ఎగిరిన గంట ఎక్కడ ఎగిరినా గంటే. ఎయిర్ రెగ్యులేషన్స్ పేపరు మాత్రం మళ్లీ రాయాలి, ఎందుకంటే అది గాలి గురించిన పాఠం కాదు, ఈ దేశపు చట్టం. వైద్యపరీక్ష ఇక్కడి డాక్టరు దగ్గర చేయించుకోవాలి. రేడియోలో మాట్లాడటానికి విడిగా అనుమతి తీసుకోవాలి.

చెల్లుతాయన్న గంటల్లో కూడా ఒక పితలాటకం ఉంది, అమెరికా నుంచి వచ్చే మనవాళ్లను ఎక్కువగా ఏడిపించేది అదే. ప్రైవేటు లైసెన్సు చేతికొచ్చాక ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని పాఠం చెబుతున్నా, కంట్రోల్ తన చేతిలో ఉన్నంతసేపూ తానే కెప్టెన్‌నని లాగ్‌బుక్‌లో రాసుకోవచ్చని అమెరికా రూలు. మన దగ్గర పక్కన గురువు ఉంటే అది డ్యూయల్ గంటే, కెప్టెన్ గంట కాదు. కమర్షియల్‌కు మన దేశం 100 గంటల కెప్టెన్సీ అడుగుతుంది. 250 గంటలు ఎగిరొచ్చినవాడు ఇక్కడ లెక్క తీస్తే ఆ 100కు తక్కువ పడొచ్చు. అక్కడ ఎవరూ మోసం చేయలేదు, ఇక్కడ ఎవరూ కక్ష కట్టలేదు. లాగ్‌బుక్‌లో ఒకే గడికి రెండు దేశాల్లో రెండు అర్థాలు, అంతే. మళ్లీ పెట్రోలు పోసి ఆ గంటలు నింపుకోవాలి. చిన్న విమానం గంట అద్దె తెలిసిన తండ్రికి దీని బరువు వేరే చెప్పక్కర్లేదు.

నేర్చుకున్న అలవాట్లు కూడా కొన్ని దేశం దాటవు. అమెరికాలో ఎండ కాసే రోజున చిన్న విమానం తీసుకుని ఎవరికీ చెప్పకుండానే చాలా దూరం పోయి రావచ్చు. రాత్రిపూట కూడా నేలదీపాలు చూసుకుంటూ ఎగరొచ్చు. ఇక్కడ ఊరు దాటాలంటే ఫ్లైట్ ప్లాన్ వేయాలి, వాయుసేన నుంచి ఏడీసీ అనే రక్షణ అనుమతి నంబరు తీసుకోవాలి. పొద్దు గుంకితే కంటిచూపు మీద ఎగరడం సాధారణంగా బంద్. రెగ్యులేషన్స్ పేపరు మళ్లీ రాయించడం వేధింపు అని గొణిగేవాళ్లు ఈ సంగతులు గుర్తుచేసుకుంటే మంచిది.

భాష విషయంలో మాత్రం ప్రపంచం ఒక్కతాటి మీదికి వచ్చింది, అదీ మన నేల మీద జరిగిన ఘోరం తర్వాత. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానం, కజకిస్తాన్ విమానం ఆకాశంలో ఢీకొన్నాయి. 349 మంది పోయారు. కజక్ విమానం తనకు చెప్పిన ఎత్తుకంటే కిందికి దిగింది. కంట్రోలర్ ఇంగ్లీషులో ఇచ్చిన సూచనలు ఆ సిబ్బందికి సరిగా అందలేదన్న ప్రశ్న విచారణలో పైకొచ్చింది. వాళ్లకు అలవాటైన కొలత మీటర్లు, ఇక్కడి కొలత అడుగులు. రెండేళ్లకు అంతర్జాతీయ సంస్థ మహాసభ దీన్ని చేపట్టింది, 2003లో నియమం చేసింది. 2008 నుంచి పై దేశాలకు ఎగిరే పైలట్ లైసెన్సు మీద ఇంగ్లీషు ఎంతవరకు వచ్చో రాయాలి, నాలుగో స్థాయికి తగ్గకూడదు.

ఈలోపే అనుమానాల కాలం కూడా వచ్చింది. 2001 సెప్టెంబరు 11 దాడుల్లో విమానాలు నడిపినవాళ్లు అమెరికా ఫ్లయింగ్ స్కూళ్లలోనే నేర్చుకున్నారు. అప్పటినుంచి అక్కడ విదేశీ విద్యార్థికి వేలిముద్రలు, భద్రతా తనిఖీ అయ్యాకే పాఠం మొదలు. 2011లో మన దగ్గర కొందరు నకిలీ మార్కుల జాబితాలతో లైసెన్సులు సంపాదించారని బయటపడి, డీజీసీఏ పాత కాగితాలన్నీ తిరగేసింది. ఇచ్చిన దేశాన్నే అడిగి నిజమో కాదో తేల్చుకోవడం మార్పిడిలో ముఖ్యమైన మెట్టు. కొందరికి పరీక్షకంటే ఆ జవాబు కోసం ఎదురుచూడటానికే ఎక్కువ కాలం పడుతుంది.

మార్పిడి బాధ మనకే పరిమితం కాదు. ఐరోపా దేశాలు దశాబ్దాలు కష్టపడి ఉమ్మడి లైసెన్సు తెచ్చుకున్నాయి. 2020 చివర బ్రిటన్ అందులోంచి బయటికి రాగానే, రాత్రికి రాత్రి బ్రిటిష్ పైలట్ పక్కనున్న ఫ్రాన్స్‌లో పరాయి లైసెన్సు వాడయ్యాడు. నేర్చుకున్నది ఏమీ మారలేదు, విమానం మారలేదు, మారింది సంతకం ఒక్కటే.

తెలుగువాళ్లలో ఈ దారి రెండు వైపులా నడిచినవాళ్లు ఉన్నారు. విజయవాడకు చెందిన తోటకూర గోపీచంద్ అమెరికాలోని ఎంబ్రీ రిడిల్ విశ్వవిద్యాలయంలో చదివి, కారు కంటే ముందు విమానం నడపడం నేర్చుకున్నానని చెప్పుకున్నవాడు. 2024 మే 19న బ్లూ ఆరిజిన్ నౌకలో అంతరిక్షపు అంచు చూసొచ్చాడు. హైదరాబాద్ పాతబస్తీలో బేకరీ పనివాడి కూతురు సయ్యదా సల్వా ఫాతిమాది ఎదురుదారి. ఆమె బేగంపేటలోని ఏవియేషన్ అకాడమీలో నేర్చుకుని ఇక్కడే లైసెన్సు తెచ్చుకుంది. ఆపైన రెండు ఇంజన్ల విమానం గంటల కోసం న్యూజీలాండ్, పెద్ద విమానం తర్ఫీదు కోసం బహ్రెయిన్ పోయింది. లైసెన్సు ఇక్కడిది, దాని మీద చేరిన గంటలు అక్కడివి. ఖర్చుకు ప్రభుత్వం సాయం చేసింది.

2023లో డీజీసీఏ 1,622 కమర్షియల్ లైసెన్సులు ఇచ్చింది. ఫ్లయింగ్ స్కూళ్ల కోసం విమానాశ్రయాల్లో చోటిచ్చే పథకంలో కడప పేరు కూడా వచ్చింది. 2025 ఫిబ్రవరి 20న శ్రీకాకుళం వాడైన కేంద్ర మంత్రి కింజరాపు రామ్మోహన్‌నాయుడు పైలట్లకు ఎలక్ట్రానిక్ లైసెన్సు ప్రారంభించాడు. చైనా తర్వాత ఈ పని చేసిన రెండో దేశం మనదే. లైసెన్సు ఇప్పుడు ఫోనులో కనబడుతుంది. పై దేశపు లైసెన్సును మార్చుకునేవాడి దారి మాత్రం పాతదే: ఇచ్చిన దేశం నుంచి ధ్రువీకరణ, రెగ్యులేషన్స్ పేపరు, మెడికల్, రేడియో. ధ్రువీకరణ వచ్చేలోపు రాప్తాడు కుర్రాడు చేసుకోదగ్గ పని ఒకటుంది. లాగ్‌బుక్ ముందేసుకుని, గురువు పక్కనుండగా ఎగిరిన గంటల్ని ఒక వరుసలోనూ, ఒంటరిగా ఎగిరినవాటిని ఇంకో వరుసలోనూ విడివిడిగా కూడి చూసుకోవాలి. డీజీసీఏ ఎలాగూ అలాగే కూడుతుంది.